ఇరవయ్యో తారీఖుకే పర్సు ఖాళీ! నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్లు ఇల్లు ఎట్లా నెట్టుకొస్తున్నారు?

వేదాయపాళెం అమ్మాయి
అందరికీ నమస్తే. మాది నెల్లూరు. ఆయన కృష్ణపట్నం వైపు ఒక కంపెనీలో సూపర్‌వైజరు, నేను ఇంట్లో ట్యూషన్లు చెప్తాను. ఇద్దరిదీ కలిపి నెలకు 46 వేలు దాకా వస్తుంది. ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ. అద్దె 9 వేలు, స్కూలు ఫీజు, బండి ఈఎంఐ పోగా మిగిలింది ఇరవయ్యో తారీఖుకల్లా ఖాళీ. ఆ తర్వాత ఫోన్లో బ్యాలెన్స్ చూడాలంటేనే టెన్షన్. "రోజూ కాఫీ షాపుకు వెళ్లడం మానండి" లాంటి వీడియో సలహాలు దయచేసి వద్దు, మేము ఆ గడప తొక్కిందే లేదు. మన ఊళ్లలో, మన రేట్లలో మీరు చేసి చూసినవి చెప్పండి.

కావలి టీచరమ్మ
అమ్మాయీ, ముందు బియ్యం, పప్పుల జోలికి పోవద్దు. అందరూ అక్కడే మొదలుపెట్టి పది రోజుల్లో విసిగిపోతారు. యూపీఐ స్టేట్‌మెంట్ మూడు నెలలది తీసి, 100 రూపాయల లోపు కట్టినవన్నీ ఒక రంగుతో, 100 పైన ఉన్నవి ఇంకో రంగుతో గీతలు పెట్టు. ఇద్దరి ఫోన్లూ చూడాలి, ఆయన ఫోన్ కూడా. ఆ రెండో ఫోన్ అడిగినప్పుడే ఇంట్లో అసలు చర్చ మొదలవుతుంది.

ఒంగోలు బావ
ఇదంతా ఎందుకు టీచర్ గారూ. ఆదివారం బిర్యానీ మానేస్తే సరి.

సింగరాయకొండ ఆడపడుచు
బిర్యానీ మానడం కాదు బావగారూ, ముందు మీ సాయంత్రం బజ్జీలూ టీలూ ఎంతవుతున్నాయో చెప్పండి. అవెప్పుడూ లెక్కలోకి రావు.

వేదాయపాళెం అమ్మాయి
టీచరమ్మ చెప్పినట్టే చేశాను అక్కా. పేజీలకు పేజీలు! పాలు, పిల్లల చిప్స్ ప్యాకెట్లు, ఆయన టీ, బండి పెట్రోలు, మళ్లీ టీ. ఇక ఇంటికి తెచ్చిచ్చే యాప్. కొత్తిమీర కట్ట కోసం యాప్ తెరిస్తే, డెలివరీ ఛార్జీ పడకూడదని ఇంకో 150 రూపాయల వస్తువులు వేసేస్తున్నాం. ఎండాకాలం కరెంటు బిల్లు మాత్రం అన్నిటినీ మించిపోయింది. పిల్లల గదికి కిందటేడు ఏసీ పెట్టించాం.

మీటరు మామ
కరెంటు సంగతి నేను చెప్తా. ఇంటికి ఎన్ని యూనిట్లు వాడుతున్నామో తెలియకుండా "బిల్లు ఎక్కువ వచ్చింది" అంటే లాభం లేదు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన స్లాబులు చూడండి. మొదటి 30 యూనిట్లు యూనిట్‌కు 1.90, అక్కడి నుంచి 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75.

ఇప్పుడు లెక్క వేయండి. 225 యూనిట్లు వాడిన ఇంటికి కరెంటు ఛార్జీ 1,017 రూపాయలు. 300 వాడితే 1,673. అంటే ఆఖరి 75 యూనిట్లకే 656 రూపాయలు. అదే మొదటి 75 యూనిట్లకు మీరు కట్టింది 192. (ఫిక్స్‌డ్ ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు, డ్యూటీ వేరే.) కాబట్టి మొత్తం వాడకం సగం చేయాలని ప్రాణం తీసుకోవద్దు. ఆ పైన ఉన్న యూనిట్లను మాత్రం కోయండి, ఖరీదైనవి అవే.

కోయడం ఎట్లాగంటే, ఏసీ కంటే ముందు ఫ్యాన్లు చూడండి. పాత ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ అనే కొత్త రకం మోటారు ఫ్యాను 30 వాట్ల దగ్గర సరిపెట్టుకుంటుంది. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యానుకు నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. మూడు ఫ్యాన్లకు 60 యూనిట్లు. ఎండాకాలం ఆ 60 యూనిట్లు 8.75 స్లాబులోవే కాబట్టి నెలకు 500 పైనే. అద్దె ఇల్లయినా ఫర్వాలేదు, ఖాళీ చేసేటప్పుడు ఫ్యాన్లు ఊడదీసి తీసుకుపోవచ్చు, పాతవి మళ్లీ బిగించి వెళ్లండి. ఏసీ 24 మీద పెట్టి పైన ఫ్యాను తిప్పండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెప్పేదే. రోహిణి కార్తెలో 18 మీద పెట్టి దుప్పటి కప్పుకుని పడుకునేవాళ్లను చాలామందిని చూశా.

ఒంగోలు బావ
మా కరెంటు కంపెనీ సీపీడీసీఎల్ కదా మామా, మీకు ఎస్పీడీసీఎల్. రేట్లు వేరేనా?

మీటరు మామ
రాష్ట్రమంతా ఒకటే టారిఫ్ బావా. విద్యుత్ నియంత్రణ మండలి అందరికీ కలిపే ఇస్తుంది. సొంత ఇల్లుంటే మిద్దె మీద సోలార్ చూడండి, కేంద్రం పథకం పీఎం సూర్యఘర్ కింద 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లకు 78 వేలు సబ్సిడీ. నెలకు 100 యూనిట్లు కూడా కాలని ఇంటికి మాత్రం తొందర అక్కర్లేదు.

బుచ్చి రైతుబిడ్డ
టీచరమ్మ బియ్యం జోలికి పోవద్దన్నారు గానీ, నెల్లూరు జిల్లాలో ఉండి బియ్యం బస్తా షాపులో కొనడం నాకు మింగుడు పడదు. మాది బుచ్చిరెడ్డిపాళెం పక్కన పల్లె. మార్చి, ఏప్రిల్‌లో కోతలు మొదలైతే వడ్లు కళ్లంలోనే కొనొచ్చు. మా దగ్గర పుట్టి అంటే 850 కిలోలు. పుట్టి ఆడిస్తే మిల్లునుబట్టి, వడ్లనుబట్టి 500 పైచిలుకు కిలోల బియ్యం దిగుతాయి. నలుగురున్న ఇంటికి పుట్టి అక్కర్లేదు. మూడు నాలుగు కుటుంబాలు కలిసి పుట్టి తీసుకోండి.

కోత రోజునే ఆడించుకోవద్దు. కొత్త బియ్యం ముద్దవుతుంది, ఒదగదు, పిల్లలకు కడుపు ఉబ్బరం అంటారు. వడ్లు బాగా ఎండబెట్టి గోతాల్లో వేసి, నేల మీద కాకుండా చెక్కల మీద పేర్చి, ఆగస్టు దాకా వదిలేయండి. అప్పటి నుంచి రెండు నెలలకొకసారి కొంచెం కొంచెం ఆడించుకుంటే పాత బియ్యం తిన్నట్టే. అదే గ్లాసుతో పోసినా అన్నం ఎక్కువ అవుతుంది. మిల్లులో తవుడు, నూకలు వదిలేసి వచ్చేస్తుంటారు. నూకలు అడిగి తెచ్చుకోండి, ఉప్మాకు రవ్వ కొనే పని ఉండదు.

మాగుంట లేఅవుట్ ఫ్లాటు
చెప్పడానికి బాగుంది అన్నా. రెండు బెడ్‌రూముల ఫ్లాటులో గోతాలు ఎక్కడ పేర్చమంటారు, మంచం కిందా? ఎలుకలొస్తే ఓనరు మమ్మల్నే బయటకు పేరుస్తాడు.

బుచ్చి రైతుబిడ్డ
ఫ్లాటులో ఎవరు పెట్టమన్నారు తల్లీ. పల్లెలో మీ వాళ్లెవరో ఒకరుంటారుగా, వాళ్లింట్లో ఉంచండి. గోతాలకు చోటిచ్చినందుకు ఒక బస్తా బియ్యం ఇవ్వండి. ఊళ్లో ఎవరూ లేని వాళ్లకు ఇది కుదరదు, ఒప్పుకుంటా.

స్టోన్‌హౌస్‌పేట కిరాణా
నేను కొట్టువాణ్ని, నా మాట మీద అనుమానం ఉంటే ఉండనివ్వండి. బియ్యం బస్తా 26 కిలోలు ఎందుకుంటుందో ఎప్పుడైనా అడిగారా? 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చింది. అందుకని మిల్లులు 26 కిలోల బస్తా వేశాయి. ఒక బస్తా 25, ఇంకోటి 26 ఉన్నప్పుడు బస్తా రేటు చూడకుండా కిలో ఎంత పడిందో చూడండి.

నూనె దగ్గర ఇంకా మోసపోతారు. లీటరు సన్‌ఫ్లవర్ నూనె బరువు 910 గ్రాములు. పక్కనే అదే రంగు, అదే ఎత్తు ప్యాకెట్ 850 గ్రాములది ఉంటుంది. పది రూపాయలు తక్కువ అని దాన్నే పట్టుకుపోతారు. ఒక్కసారి తిప్పి చూడండి. గ్రాముకో, మిల్లీలీటరుకో ఎంత పడుతుందన్నది ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో అచ్చు వేయాలన్న రూలు ఉంది. కళ్లజోడు పెట్టుకుని చదివేవాళ్లు మా కొట్టుకు చాలా తక్కువ మంది వస్తారు, వచ్చినవాళ్లతో మేం జాగ్రత్తగా ఉంటాం.

ఇంకోటి, 2025 సెప్టెంబరు 22 నుంచి ఒంటి సబ్బులు, షాంపూ, టూత్‌పేస్ట్, తలనూనె మీద జీఎస్టీ 18 నుంచి 5కు దిగింది. నెయ్యి, వెన్న 12 నుంచి 5కు. ఎవరైనా ఇంకా పాత రేటే తీసుకుంటుంటే అడగండి. అడిగితే మాకు కోపం రాదు. కొంచెం వస్తుంది, అయినా అడగండి.

పొదిలి కందిచేను
ఏడాది సరుకు గురించి ఎవరూ అనలేదేంటి? మా వైపు సంక్రాంతి దాటాక కందులు ఇంటికి వస్తాయి. కొనేవాళ్లు అప్పుడే కొనాలి. మేం కందులు కొని మరలో పప్పు ఆడించుకుంటాం, పొట్టు గేదెలకు. పప్పుకు ఆముదం చేత్తో సన్నగా పట్టించి డబ్బాలో పెడితే ఏడాదంతా పురుగు పట్టదు. చింతపండు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు, ఎండుమిర్చి కూడా అప్పుడే. మిరపకాయ తొడిమతోనే ఉంచండి, తొడిమ తీస్తే త్వరగా పాడవుతుంది. నిమ్మకాయ ఊరగాయ ఏప్రిల్‌లో పెట్టేవాళ్లకు దణ్ణం. పొదలకూరు మార్కెట్లో వానలప్పుడు రేటు పడిపోతుంది, అప్పుడు పెట్టుకోండి.

సింగరాయకొండ ఆడపడుచు
ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. కందులు ఆడించడం, ఆముదం పట్టించడం, చింతపండు గింజలు తీయడం, మిరపకాయలు ఎండబెట్టడం, ఊరగాయ పెట్టడం. ఇవన్నీ ఎవరు చేయాలి? ఎండలో మిద్దె ఎక్కి దిగేది ఎవరు? షాపులో కొంటే 2 వేలు ఎక్కువవుతుంది అంటారు. ఆ 2 వేలు నా రెక్కల కూలి అని ఎవరూ అనరు. మిగిలిన డబ్బు ఏమో "నేను పొదుపు చేశా" అని మగాళ్ల ఖాతాలో పడుతుంది.

పొదిలి కందిచేను
అక్కా, మా ఇంట్లో మిద్దె ఎక్కేది నేనే. మిగతా ఇళ్ల సంగతి నాకు తెలియదు.

కావలి టీచరమ్మ
ఆడపడుచు చెప్పిన దాంట్లో న్యాయం ఉంది. ట్యూషన్లు చెప్పే అమ్మాయికి సాయంత్రం రెండు గంటలు అంటే డబ్బే. ఇంకో ఇద్దరు పిల్లలను చేర్చుకుంటే కందిపప్పులో మిగిలేదానికంటే ఎక్కువే వస్తుంది. ఏ పని మానుకోవాలి, ఏది చేసుకోవాలి అన్నది గంట లెక్కన చూడాలి. దోశ పిండి రుబ్బడానికి గ్రైండరు ఉంది, మనం నిలబడక్కర్లేదు, కాబట్టి అది లాభం. గింజ తీయడం మాత్రం మనిషి కూర్చుని చేయాలి.

ఒంగోలు బావ
సరే, మగాళ్ల తరఫున ఒకటి. నా టీలూ బజ్జీలూ మొన్న కూర్చుని లెక్కేశాను, ఇంట్లో వాళ్లకు చెప్పలేదు. ఇక్కడ మాత్రం ఎందుకు చెప్తాను.

అల్లూరు చేపల బుట్ట
బిర్యానీ మానమన్న బావకు నా జవాబు: చేపలు తినండి. కాకపోతే ఎప్పుడు ఏవి తినాలో తెలిసి ఉండాలి. వంజరం, పండుగప్ప మాత్రమే చేపలు అనుకుంటే జీతం మొత్తం పులుసులోకే పోతుంది. నెత్తళ్లు, కవళ్లు చౌక, రుచికి ఏం తక్కువ లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. ఆ రెండు నెలలు సముద్రం చేప ధర అడగకండి, చెరువు చేప తినండి. మామిడికాయలు కూడా అప్పుడే వస్తాయి కాబట్టి పులుసులోకి చింతపండు సగం చాలు. రొయ్యలు కొనేటప్పుడు కౌంటు అడగండి. 100 కౌంటు అంటే కిలోకు వంద తూగేవి, చిన్నవి. ఇంట్లో ఇగురుకు, గోంగూర రొయ్యలకు అవే బాగుంటాయి. 30 కౌంటు ఎగుమతికి పోయే సరుకు, మనకెందుకు. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు చెరువుల దగ్గర రేటు పడిపోయింది, మేం చౌకగా తిన్నాం. పక్కింటి రైతు ముఖం చూస్తే మాత్రం ముద్ద దిగలేదు.

పొద్దున్నే కాకుండా పదకొండు దాటాక మార్కెట్‌కు వెళ్తే రేటు దిగుతుంది అంటారు. చేపల విషయంలో ఆ పని చేయొద్దు. కూరగాయలకైతే సరే.

మాగుంట లేఅవుట్ ఫ్లాటు
కూరగాయలకు ఫత్తేఖాన్‌పేట రైతు బజారే నయం. బోర్డు మీద రేటు రాసి ఉంటుంది, బేరం ఆడే పని లేదు. ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు, తెల్లగడ్డలు మాత్రం నెలకు సరిపడా ఒకేసారి తెస్తాను. ఆకుకూర ఇంటి ముందుకొచ్చే తోపుడు బండి దగ్గరే, ఆమె దగ్గర రెండు రూపాయలు ఎక్కువైనా సరే.

కనిగిరి చిన్నోడు
మీకందరికీ నీళ్ల ఖర్చు లేదు కాబట్టి హాయిగా మాట్లాడుతున్నారు. మా కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్, తాగడానికి 20 లీటర్ల క్యాన్ కొనాల్సిందే. ఇంటికి తెచ్చి వేస్తే ఒక రేటు, ప్లాంటు దగ్గరికి పోయి పట్టుకుంటే చాలా తక్కువ. నా బండి మీద ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు రెండు క్యాన్లు తెస్తా. ఒకటి గుర్తుంచుకోండి, కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. డబ్బులు ఆదా అని బోరు నీళ్లు కాచి పిల్లలకు పోయకండి. ఇంట్లో ఆర్‌ఓ మిషన్ ఉంటే వదిలేసే నీళ్లు బక్కెట్లో పట్టి ఇల్లు తుడవడానికి వాడుకోండి.

కావలి టీచరమ్మ
అమ్మాయీ, మీ అత్తమ్మకు బీపీ, షుగర్ మాత్రలు ఉన్నాయా? ఉంటే డాక్టరు గారిని కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయమని అడిగి, తక్కువ ధరకు మందులిచ్చే జన ఔషధి షాపులో తీసుకో. నెల నెలా వాడేవి కదా, తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. డాక్టరుకు చెప్పకుండా మాత్రం మార్చొద్దు.

గ్యాస్ సంగతి తెలుసనుకుంటా. దీపం పథకంలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, నాలుగు నెలలకొకటి చొప్పున. ఆ నాలుగు నెలల్లో బుక్ చేయకపోతే అది పోయినట్టే. ముందు మనం కడితే తర్వాత ఖాతాలో పడుతుంది, కాబట్టి ఖాతాకు ఆధార్ లింకు ఉందో లేదో చూసుకో. బియ్యం కార్డు ఉన్నవాళ్లకే ఇది.

వేదాయపాళెం అమ్మాయి
కార్డు ఉంది టీచరమ్మా. అత్తమ్మ మాత్రల సంగతి రేపే అడుగుతా. కావలిలో మా పుట్టింటికి కూడా ఇప్పుడు ఎక్స్‌ప్రెస్‌లోనే వెళ్తున్నా, 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు కదా. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ రెండిటిలోనూ ఆధార్ చూపిస్తే చాలు. ఇదివరకు ఆయన బండి మీద దింపేవారు.

పిల్లల చిప్స్‌కు ఏదైనా చెప్పండి. సాయంత్రం స్కూలు నుంచి వస్తూనే కొట్టు దగ్గర ఆగిపోతున్నారు.

మాగుంట లేఅవుట్ ఫ్లాటు
పులిబొంగరాలు! నెల్లూరులో ఉండి ఇది అడగాలా? రెండు మూడు రోజులై పులిసిన దోశ పిండిలో సన్నగా తరిగిన ఎర్రగడ్డ, పచ్చిమిర్చి, జీలకర్ర, పిండి జారుగా ఉంటే చారెడు బియ్యప్పిండి. గుంతల పెనంలో వేస్తే నూనె కూడా చుక్క చుక్కే. పిండి పులిసిందని పారబోసేవాళ్లను చూస్తే నాకు చిరాకు. కారం పెట్టి వేడిగా ఇస్తే కొట్టు దగ్గర ఆగరు. మొదటి వారం ఆగుతారు, అలవాటు పోవాలిగా. వారానికి ఒక రోజు చిప్స్ ఇవ్వు, పూర్తిగా మానిపిస్తే దొంగచాటుగా కొంటారు.

సింగరాయకొండ ఆడపడుచు
ఈ వంటకం వాళ్ల నాన్న కూడా వేయగలడు. గుంతల పెనం తిప్పడానికి డిగ్రీ అక్కర్లేదు.

వేదాయపాళెం అమ్మాయి
హహ, చూపిస్తా ఆయనకు. ఇప్పటికి నేను తేల్చుకున్నవి: యాప్ తీసేశాను. ఫ్యాన్లు ఏప్రిల్ లోపు రెండు మారుస్తాం, మూడోది తర్వాత. ఇంకో ఇద్దరు పిల్లలను ట్యూషన్‌కు అడిగారు, చేర్చుకుంటా. వడ్ల సంగతి మా పుట్టింట్లో అడగాలి. చింతపండు మాత్రం ఇప్పుడే కదా సీజను, ఎవరైనా కలిసి తీసుకుందామా?

మాగుంట లేఅవుట్ ఫ్లాటు
నాకు 5 కిలోలు.

మీటరు మామ
మాకు 3. మా ఆవిడ రసం లేకుండా అన్నం పెట్టదు.

స్టోన్‌హౌస్‌పేట కిరాణా
20 కిలోలు అయితే హోల్‌సేల్ రేటుకు ఇప్పిస్తా. ఆదివారం వద్దు, మంగళ, బుధవారాల్లో రండి, తీరిగ్గా చూసి ఎంచుకోవచ్చు. ఎర్రగా ఉన్నది కొత్తది, నల్లగా ఉన్నది కిందటేడుది. పులుసుకు పాతది బాగుంటుందని కొందరు అదే అడుగుతారు, వాళ్లిష్టం. గింజతో కావాలా, తీసింది కావాలా ముందే చెప్పండి. గింజతో ఉన్నది కిలో రేటు తక్కువే గానీ బరువులో గింజే బోలెడు పోతుంది.

సింగరాయకొండ ఆడపడుచు
గింజ తీసిందే రాయండి. గింజతో తెచ్చేట్టయితే ఎవరింట్లో ఎవరు కూర్చుని తీస్తారో పేర్లు ముందే ఇక్కడ పెట్టండి, మగవాళ్ల పేర్లు.

ఒంగోలు బావ
గింజ తీసిందే. నాకు 4 కిలోలు.

వేదాయపాళెం అమ్మాయి
నాది 4. ఇప్పటికి 16 అయింది. ఇంకో 4 కిలోలకు ఎవరైనా ఉన్నారా? బుధవారం పొద్దున నేనూ అత్తమ్మా వెళ్తాం. ఒంగోలు బావగారూ, మీది పార్సిల్ వేయాలంటే ఆ ఖర్చు మీదే.